అంకయ్య తట్టి చూసిన ట్యాంకు

మిర్చి యార్డులో కాయను చెవి దగ్గర ఆడించి, గింజల గలగలను బట్టి అది ఎంత ఎండిందో చెప్పేస్తాడు అంకయ్య. డెబ్బై ఒకటి యుద్ధంలో అతను ట్యాంకు డ్రైవరు. ముప్పై ఏళ్లయింది. ఆదివారం చర్చి అవగానే, గుంటూరులో ఓ పార్కులో కొత్తగా దిమ్మె మీద నిలబెట్టిన యుద్ధ ట్యాంకు చుట్టూ ఓసారి తిరిగి వస్తాడు. అది నకిలీదని ఎవరో అర్జీ పెడితే, తేల్చమని పార్కు అధికారి అతన్నే పిలిచాడు. అంకయ్య చెప్పులు విడిచి, చిన్న సుత్తితో చక్రాల చుట్టూ ఉన్న గొలుసు పలకల్ని ఒక్కొక్కటే తట్టి విన్నాడు. వెనక ఉక్కు మీద కొట్టి, చాలాసేపు చెవి ఆనించాడు.

"ఒరిజినలేనా అంకయ్యగారూ?"

"ఒరిజినలేనండి. లోపల ఇంజనే లేదు."

"లేకపోతే ఏముందండీ, ఇప్పుడు దీన్ని ఎవరు నడపాలి!"

అంకయ్య ఎడమ పాదం గడ్డిలో క్లచ్ తొక్కి, మెల్లగా వదిలింది.