లచ్చవ్వ సీట్లో పొగ

కామారెడ్డి జిల్లా అయిన కొత్తలో ఆ ఊళ్లోని ఒక ప్రైవేటు కార్ల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేరాను. ఫోర్‌మన్ అంటే మెకానిక్‌లకు పైన, మేనేజరుకు కింద ఉండే మనిషి. వచ్చిన బండిలో లోపం ఏమిటో తేల్చడం, మరమ్మతు అయ్యాక స్వయంగా నడిపి చూసి ‘ఫిట్’ అని సంతకం పెట్టడం అతని పని. ఏదైనా తేడా వస్తే పైనుంచీ కిందనుంచీ మాటలు పడడం కూడా అతని పనే గానీ, ఆ సంగతి చేరేటప్పుడు ఎవరూ చెప్పరు.

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుంది. నాకు గర్వం ఉండేది. బానెట్ ఎత్తకముందే క్లచ్ కాలిందో, కూలెంట్ కారుతోందో, వైరు మాడిందో వాసన చూసి చెప్పేవాణ్ని. పదిసార్లు చెబితే ఏడెనిమిది సార్లు నిజమయ్యేది. మిగిలినవి నేను గుర్తుపెట్టుకోలేదు. వర్క్‌షాపులో నాకు ‘ముక్కు సార్’ అనే పేరు స్థిరపడింది. అది వెక్కిరింపు కూడా కావచ్చునన్న అనుమానం నాకు రిటైరయ్యాకే వచ్చింది.

ఎల్లారెడ్డి నుంచి సాయిలు అనే అతను ఒక పాత పెట్రోలు వ్యాను తెచ్చాడు. సొంత బండి, సొంత డ్రైవింగు. పెళ్లిళ్లకూ, పోచారం ప్రాజెక్టు చూడవచ్చే వాళ్లకూ తిప్పేవాడు. వారంలో కొన్ని రోజులు మాత్రం ఎవరు పిలిచినా పోయేవాడు కాదు. ఆ రోజుల్లో వాళ్లమ్మ లచ్చవ్వను డయాలసిస్‌కు కామారెడ్డి తీసుకురావాలి. డయాలసిస్ అయ్యాక ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి, ఏసీ వేసి, తను మందుల దుకాణానికి వెళ్లేవాడు. తిరిగి వచ్చేసరికి ఆమెకు తలనొప్పి, వాంతి. బండిలో పొగ వాసన అంటుంది. తనకు మాత్రం ఏ వాసనా రాదన్నాడు సాయిలు. ఆ జబ్బులో వాంతులు మామూలేనని ఆస్పత్రిలో చెప్పారట.

బండి కదలకుండా ఇంజిన్ మాత్రం నడుస్తుంటే దాన్ని మేం ఐడ్లింగ్ అంటాం. ఐడ్లింగ్‌లో పొగ లోపలికి వస్తోందంటే పద్ధతిగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ వ్యానులో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి ముందుగా దాని మూత రబ్బరు చూశాను. కొద్దిగా ఎండిపోయింది, మార్పించాను. తర్వాత బండిని ర్యాంపు ఎక్కించి సైలెన్సర్ చివర తడిగుడ్డతో కొన్ని క్షణాలు మూయించాను. గొట్టంలో ఎక్కడ చిల్లు ఉన్నా అప్పుడు బుస్సుమని చప్పుడు వస్తుంది. రాలేదు. అతుకుల మీద సబ్బునీళ్లు పోస్తే బుడగలూ రాలేదు. చివరికి తలుపులు తెరిచిపెట్టి, స్టీరింగు ముందు దర్జాగా కూర్చుని, కళ్లు మూసుకుని గాలి పీల్చాను. నా ముక్కు ఏమీ లేదంది. ‘ఫిట్’ అని సంతకం పెట్టాను. పైగా, అమ్మను కడుపు డాక్టరుకు చూపించమని సాయిలుకు ఒక ఉచిత సలహా కూడా ఇచ్చాను.

తర్వాతి డయాలసిస్ రోజు పొద్దున్నే వ్యాను మళ్లీ గేటు ముందు ఆగింది. ఈసారి లచ్చవ్వ ముందు సీట్లో, అద్దాలన్నీ దించుకుని కూర్చుంది. సాయిలు నన్ను పక్కకు పిలిచాడు. “సార్, అవ్వ ఇగ దవాఖానకు రానంటుంది. గీ బండిల సచ్చేదానికంటె ఇంట్ల సచ్చుడే నయమంటుంది. నాలుగు దినాలు ఆపితే ఏమైతదో మీకెర్కే గదా. మీతోని చెప్పిస్తనని గీడిదాక తోలుకొచ్చిన” అన్నాడు. అంటూ ముఖం తిప్పుకున్నాడు. బస్సులో తీసుకురావచ్చు కదా అనబోయి ఊరుకున్నాను. డయాలసిస్ అయ్యాక ఎవరైనా పట్టుకోకుండా ఆమె నిలబడలేకపోయేది.

నేను లచ్చవ్వ దగ్గరికి వెళ్లి, బండిలో లోపం లేదనీ, జబ్బు వల్ల అలా అనిపిస్తుందనీ మర్యాదగానే చెప్పాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“పెండ్లయిన కాంచి బీడీలు చేసిన. పొద్దంత తంబాకు ఘాటులనే కూసున్న. గా ఘాటుకు రాని కక్కు గీ బండిలనే ఎందుకొస్తది కొడుకా? నువ్వు పోయి నా సీట్ల కూసో. నీకేం కాకపోతే నేను దవాఖానకు పోత. లేకుంటే ఇంటికే.”

పందెం నాకు సులువుగా కనిపించింది. మెకానిక్‌లు కూడా పని ఆపి చూస్తున్నారు. లచ్చవ్వను దింపి కుర్చీ వేయించాను. సాయిలును బండిని ఆస్పత్రి దగ్గర ఆపినట్టే ఆపమన్నాను. అతను బండిని వెనక్కి పోనిచ్చి, వెనక భాగం మా ప్రహరీ గోడకు దాదాపు ఆనేలా నీడలో నిలిపాడు. తలుపులు మూసి, ఏసీ వేసి, ముందు అద్దం మాత్రం నాలుగు వేళ్లంత దించి దిగిపోయాడు. అద్దం ఎందుకు దించావంటే, “అవ్వకు గాలాడాలె గదా సార్” అన్నాడు. నేను వెనక సీట్లో కాళ్లు చాపుకుని, చూస్తున్న వాళ్లకు చేయి కూడా ఊపాను.

కాసేపటికి పొద్దున సరిగా తినలేదేమో అనిపించింది. కణతలు లాగుతున్నాయి. ముక్కుకు వాసన తగిలింది ఆ తర్వాతే. తలుపు తోసుకుని దిగాను, గేటు దాకా నడిచాను, నా కింద పనిచేసే వాళ్లందరి ముందూ గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను. మేనేజరు బయటికి వచ్చి జ్వరమా అని అడిగారు.

లచ్చవ్వ ప్లాస్టిక్ కుర్చీలో కదలకుండా కూర్చుని, “నీకు గూడ కిడ్నీలు పోయినయా కొడుకా?” అంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

తలుపులన్నీ తెరిపించి, గాలి మారాక వెనక డిక్కీలోని చాప ఎత్తాను. నేల రేకులో గుండ్రని రంధ్రం, దానికి ఉండాల్సిన రబ్బరు బిరడా లేదు. అందులోంచి ఒక ఇనుప తీగ కిందికి దిగి ఉంది. తీగ చివర, సైలెన్సర్ మూతి పక్కనే, దిష్టికి కట్టిన పాత చెప్పు వేలాడుతోంది.

ఆ చెప్పు నాకు కొత్త కాదు. మొదటిరోజు బండి ర్యాంపు మీద ఉన్నప్పుడే చూశాను. మా వర్క్‌షాపులో దిష్టి చెప్పునూ, నిమ్మకాయనూ, నల్లతాడునూ ఎవరూ ముట్టరు. ముడి విప్పితే ఆ తర్వాత బండికి ఏమైనా మన మీదికే వస్తుంది. నాకు అలాంటి నమ్మకాలు లేవని అందరికీ చెప్పుకునేవాణ్ని. అయినా ఆ రోజు స్క్రూడ్రైవర్ పిడితో దాన్ని భక్తిగా పక్కకు జరిపి పని కొనసాగించాను. తీగ పైన ఎక్కడికి పోయిందో తలెత్తి చూడలేదు.

“వెనక బంపర్‌కు కడితే తెగి పడ్తది సార్. గందుకే బొక్కలకెల్లి తీగ ఏసి లోపల కట్టిన. మీరు సుత చూసిండ్రు గదా, ఏమనకపోతిరి” అన్నాడు సాయిలు.

ఇంజిన్ మళ్లీ నడిపించి రంధ్రం దగ్గర అగరుబత్తి వెలిగించి పట్టుకున్నాను. దాని పొగ నేరుగా బండిలోకి పోయింది. గోడకు కొట్టుకుని వెనక్కి తిరిగిన పొగ ఆ రంధ్రం గుండా ఎక్కుతోంది. గాలి కోసం దించిన ముందు అద్దమే దాన్ని లోపలికి లాగుతోంది. సాయిలు తన చేత్తోనే తీగ విప్పి చెప్పును ముందు బంపర్‌కు కట్టుకున్నాడు. రంధ్రానికి బిరడా, వెనక తలుపుకు కొత్త రబ్బరు వేయించి, సైలెన్సర్ గొట్టాన్ని బంపర్ దాటేలా పొడిగించాను. ఇంజిన్ నడుస్తుండగా అమ్మను లోపల వదిలి వెళ్లవద్దని గట్టిగా చెప్పాను. అదే గోడ దగ్గర, అదే సీట్లో మళ్లీ కూర్చున్నాను. ఈసారి చేయి ఊపలేదు. అగరుబత్తి పొగ లోపలికి వంగలేదు, నాకూ ఏమీ కాలేదు.

నేను దిగాక లచ్చవ్వ నా ముఖం పరీక్షగా చూసి వెనక సీట్లోకి ఎక్కింది. సాయిలు బండిని ఆస్పత్రి వైపు తిప్పాడు.

బండి పొగలో మనిషిని పడగొట్టే వాయువుకు అసలు వాసనే ఉండదు. వాసన తగలడం అదృష్టం, తగలకపోవడం భరోసా కాదు. ఈ సంగతి పుస్తకంలో చదివి కూడా నేను ముక్కును నమ్ముకున్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఫిర్యాదు చేసిన మనిషి కూర్చున్న సీట్లో కూర్చోకుండా, బండిని వాళ్లు ఆపిన తీరులోనే ఆపి చూడకుండా ఏ బండికీ ‘ఫిట్’ అని రాయలేదు. కడుపు డాక్టరు సలహా కూడా ఎవరికీ ఇవ్వలేదు.