జేజినాయన బావి

అట్టపెట్టె విప్పగానే ఇల్లంతా కొత్త ప్లాస్టిక్ వాసన. మా అమ్మాయికి డిజిటల్ పియానో వచ్చింది. అనంతపురంలోని మా రెండు గదుల ఇంట్లో దాన్ని కిటికీ పక్కన పెట్టి, ఆ పిల్ల ఒక్కో మీటా నొక్కి వినిపించడం మొదలుపెట్టింది. ఒకటి నొక్కితే పెద్ద పియానో, ఇంకోటి నొక్కితే చర్చి ఆర్గన్, మరోటి నొక్కితే వయొలిన్ల గుంపు. అసలు వాద్యాలను మెల్లగానూ గట్టిగానూ వాయించి, ఆ నాదాలన్నీ ఇందులో దాచారట, వేలు ఎంత బలంగా పడితే దానికి తగ్గ నాదం పలుకుతుందట. అంతవరకు నేను బుద్ధిగా తలూపాను. తర్వాత ‘రివర్బ్’ అని ఏదో తిప్పింది. గదిలో ఉన్న స్వరం కాస్తా ఎక్కడో లోతుకు దిగి, గోడలకు తగిలి, నెమ్మదిగా తిరిగొచ్చింది. “పెద్ద హాల్లో వాయించినట్టు లేదూ అమ్మా?” అంది. హాలూ లేదు, గీలూ లేదు, అది మా జేజినాయన బావి!

జేజినాయన అంటే మా నాయన తండ్రి. కళ్యాణదుర్గం పక్కన మా పల్లెలో, వయసులో ఉండగా ఆయన తన చేతులతో తవ్వి, రాతిమెట్లు కట్టుకున్న దిగుడుబావి నాకు ఊహ తెలిసేనాటికే ఎండిపోయింది. నీళ్లు పోయినా ఆయన బావిని వదల్లేదు. ఎండ తగ్గాక హార్మోనియం భుజాన వేసుకుని, తాళాలూ డోలక్కూ పట్టిన భజన గుంపును వెంటేసుకుని అడుక్కి దిగేవాడు. పైన గట్టు మీద మా జేజి, అంటే ఆయన భార్య, వేయించిన బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, ఒళ్లో పోసుకుని, వొలిచి పొట్టు ఊదుతూ కూర్చునేది. మేం పిల్లలం ఆ వేడి గింజల కోసం ఆమె చుట్టూ మూగి, మధ్యమధ్యలో బావిలోకి మా పేర్లు అరిచి, అది తిరిగి పిలిస్తే పడీపడీ నవ్వేవాళ్లం. వేసవి గాలికి లేచిన ఎర్రమట్టి పళ్లకింద కరకరలాడేది. కింద ఒక పాదం పాడి ఆపితే చాలు, బావి దాన్నే మళ్లీ పాడేది. అది పూర్తిగా వినిపించేదాకా జేజినాయన తర్వాతి పాదం ఎత్తుకునేవాడు కాదు, బావికి అంత మర్యాద.

నాయనకు మాత్రం దాన్ని చూస్తే ఒళ్లుమంట.

“నీళ్లు ల్యాని బాయి యాల నాయనా? పూడ్చేస్తే నాలుగు సాళ్లు బుడ్డలన్నా పండుతాయి.”

“ఉగాదికి పక్కూర్లో భజన పోటీ ఉండాది. గెలిస్తే బాయి జోలికి రావద్దు. ఓడితే నువ్వే పూడ్చుకోపో,” అన్నాడు జేజినాయన.

ఆ మాట విని నేను సంగటి ముద్ద పళ్లెంలోనే వదిలేసి లేచాను. బావి పోతే మమ్మల్ని పేరు పెట్టి పిలిచేదెవరు?

ఉగాది నాడు నెయ్యి కారే ఓళిగలు, అదే బొబ్బట్లు, తిని, వేపపూత చేదు ఇంకా నాలుక మీద ఉండగానే, ట్రాక్టరెక్కి ఊరంతా పోయాం. బయలు మీద పందిరి. జేజినాయన గుంపు మొదటి పాదం అద్భుతంగా పాడింది, అలవాటు కొద్దీ ఆగింది. బావి పలుకుతుందని ఎదురుచూస్తోంది! పలకడానికి అక్కడ బావి ఏది? మైకు గుయ్‌మంటోంది. జనం కిసుక్కుమన్నారు. జేజినాయన చేతులు హార్మోనియం మీద బిగుసుకుపోయాయి, నాకు ఏడుపొచ్చింది.

ఆడవాళ్ల మధ్యలోంచి మా జేజి లేచింది. గట్టు మీద ఏళ్ల తరబడి విన్న పాదాన్ని, బావి పాడినట్టే, సాగదీసి పాడింది. పాడి, పక్కవాళ్ల వైపు తిరిగింది.

“బాయి ల్యాకుంటే మనం ల్యామా? పాడండమ్మా!”

రెండో పాదానికి ఆడవాళ్లంతా అందుకున్నారు. మూడోదానికి పందిరంతా, పందిరి గుంజకు ఆనుకున్న మా నాయనతో సహా. ఒకరు ముందు, ఒకరు వెనక, ఒకరి శ్రుతి కాస్త కింద. మా అమ్మాయి పియానోలో ‘కోరస్’ చేసే పని ఇదేనట, ఒక స్వరానికి అటూ ఇటూ జరిగిన తోడు స్వరాలను కలిపి నిండుదనం తేవడం. మా వాళ్లకు దానికి ఏ మీటా అవసరం పడలేదు. న్యాయనిర్ణేతలు అది మా గుంపు పద్ధతే అనుకుని మొదటి బహుమతి ఇచ్చారు. జేజినాయన కాదని అనలేదు, మహానుభావుడు. నాయన మళ్లీ పూడ్చే మాట ఎత్తలేదు.

చాలా ఏళ్లకు కాలవ నీళ్లొచ్చి చెరువు నిండింది, ఆ వెనకే బావిలో ఊట లేచింది. పై మెట్టు దాకా నీళ్లు. జేజినాయన గట్టు మీద నిలబడి ఒక పాదం పాడాడు. బావి పలకలేదు. నా మొహం చూసి ఆయన పకపకా నవ్వాడు.

“ఇంగ అది పాడదులే పాపా. దానికి పని దొరికినాది.”

ఇప్పుడు జేజి లేదు, జేజినాయన లేడు, ఆ భజన గుంపూ లేదు. పూడ్చేస్తానన్న నాయనే ఆ బావి నీళ్లతో బుడ్డలు పండిస్తున్నాడు. ఆ పలుకు మాత్రం ఊళ్లో ఇంకెక్కడా వినబడదు.

“ఈ హాల్ సౌండు ఉంచనా, తీసేయనా?” అని అడిగింది మా అమ్మాయి.

“తీసెయ్. ఒక్కో ముక్కా వాయించి ఆపు.”

వాయించి ఆపింది. ఆ ఖాళీలో నేను గొంతెత్తాను.