పచ్చరాడ్డు వారంటీ

మా ఆయన దగ్గర చేపలు పట్టే ఫ్లై రాడ్లు మూడు ఉండేవి. వాటిలో ఆయనకు ప్రాణం పచ్చరాడ్డు. కంపెనీవాళ్లు దానికి ఏదో పొడుగాటి పేరు పెట్టారుగానీ, ముదురు కొబ్బరాకు రంగులో ఉంటుంది కాబట్టి మా ఇంట్లో అది పచ్చరాడ్డే. వేట అయ్యాక నాలుగు ముక్కలుగా విడదీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, నీడపట్టున ఆరబెట్టి, అల్యూమినియం గొట్టంలో దించి, బీరువాలో నా పట్టుచీరల పక్కన నిలబెట్టేవారు. చీరలకు నీచు వాసన పడుతుందని నేను గొడవ పెట్టుకునేదాన్ని.

"తుడవకుండా ఎప్పుడైనా లోపల పెట్టేనా? కావాలంటే నువ్వే వాసన చూడు" అనేవారు.

చూశాను కూడా. ఏ వాసనా ఉండేది కాదు.

ఆయన మస్కట్‌లో చాలా ఏళ్లు ఏసీ మెకానిక్‌గా పనిచేశారు. అక్కడ ఆయన పైఅధికారికి సెలవురోజున సముద్రం ఒడ్డున ఈ రకం వేట అలవాటు. సామాను మొయ్యడానికని మావారిని వెంట తీసుకెళ్లేవాడట. పక్కన నిలబడి చూసి చూసి ఈయన నేర్చుకున్నారు. మన గాలానికి వానపామునో రొయ్యనో గుచ్చుతాం. దీనికి ఎర ఉండదు. చిన్న కొక్కేనికి కోడి ఈకలు, మేక వెంట్రుకలు దారంతో బిగించి కట్టి పురుగులా తయారుచేస్తారు. బరువంతా దారానికే ఉంటుంది. రాడ్డును వెనక్కీ ముందుకీ ఊపుతుంటే ఆ దారం తలమీదుగా గాలిలో సాగి, పురుగును తీసుకెళ్లి నీళ్లమీద దించుతుంది. ఆయన ఉద్యోగం మానేసి వచ్చాక మొదటిసారి మా కాలవ లాకుల దగ్గర అలా ఊపుతుంటే, గట్టు మీద వెళ్లేవాళ్లు ఆగి, "ఏంటండీ, చేపలు పడతన్నారా, దోమలు తోలుతున్నారా?" అని నవ్వారు. సాయంత్రానికి చేతిలో కొర్రమీనుతో వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. కాట్రేనికోన వైపు ఉప్పుటేర్లలో పండుగప్పలు కూడా పట్టారు. ఒక పండుగప్ప పచ్చరాడ్డును విల్లులా వంచేస్తే, అది వంగిన తీరు గురించి నెలల తరబడి చెప్పారు. చేప గురించి అంత చెప్పలేదు.

ఆ రాడ్డుకు జీవితకాల వారంటీ ఉంది. కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి భద్రం చేశారు. కొన్న మనిషి బతికున్నంతకాలం తయారీ లోపంవల్ల విరిగితే బాధ్యత కంపెనీది. పడేసినా, తొక్కినా, తలుపు సందులో పెట్టి నలిపినా కాదు. ఇంటికి ఎవరొచ్చినా, "నేనున్నంతకాలం దీని పూచీ వాళ్లదేనండీ" అని చెప్పడం ఆయనకు ఇష్టం.

ఒకరోజు పొద్దున్న వేటకు వెళ్లిన మనిషి కాసేపటికే వెనక్కి వచ్చేశారు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. గొట్టం మూత తీసి, రాడ్డు చివరి ముక్కను రెండుగా బయటికి తీసి చూపించారు. విరిగినచోట నారలు లేచి ఉన్నాయి.

"గట్టిగా కూడా విసర్లేదు. దానంతటదే టక్కుమంది. కంపెనీ లోపం" అన్నారు.

భోజనం దగ్గర మళ్లీ అదే మాట చెప్పారు. సాయంత్రం టీ తాగుతూ మళ్లీ చెప్పారు. నేను కాదనలేదే, ఈయన ఎవరికి చెబుతున్నారు అనిపించింది.

అప్పటికి కొంతకాలంగా ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఆలస్యమవుతోంది. గ్లాసు నిండా టీ పోస్తే, "సగం పొయ్యి చాలు" అంటున్నారు. కూర్చున్నప్పుడు కుడిచేతిలో ఎప్పుడూ తువ్వాలు పట్టుకుంటున్నారు, లేకపోతే ఆ చేతిని తొడకింద పెట్టుకుంటున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్దామని నేను అడిగినప్పుడల్లా, "వయసొస్తే నీకూ వస్తాయిలే" అని నవ్వేసేవారు. ఎక్కువసార్లు అడిగితే కసిరేవారు.

విరిగిన ముక్కలను ఫోనులో ఫొటోలు తీసి కంపెనీకి పంపారు. మన దేశంలో వాళ్ల తరఫున చూసే మనిషి ఎక్కడో ఉత్తరాదిన ఉంటాడు. అతను ఫోను చేసి హిందీలో గబగబా మాట్లాడటం మొదలుపెట్టాడు. మావారికి మస్కట్ హిందీ కొంత వచ్చుగానీ, అంత వేగం అందలేదు. నేను హైస్కూల్లో హిందీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. "ఇదిగో, నువ్వు మాట్లాడు" అని ఫోను నా చేతికిచ్చి, అరుగు మీద నా పక్కనే కూర్చున్నారు.

అతను అడిగేది నేను తెలుగులో ఈయనకు చెప్పడం, ఈయన చెప్పేది హిందీలో అతనికి చెప్పడం. ఎక్కడ కొన్నారు, ఎలాంటి చేపలకు వాడతారు, ఉప్పునీళ్లలో వాడాక కడుగుతారా, అన్నీ అడిగాడు. కడుగుతారా అన్న మాటకు ఈయన నావైపు చూసి గర్వంగా తలూపారు.

"ముందెప్పుడైనా రాడ్డు కింద పడటంగానీ, దేనికైనా గట్టిగా తగలటంగానీ జరిగిందా అని అడుగుతున్నాడండీ" అన్నాను.

"లేదని చెప్పు."

చెప్పాను. ఆ కుర్రాడు మర్యాదగానే, ఫొటోలో విరిగినచోటికి కాస్త పైన తెల్లగా నొక్కుడు మచ్చ కనిపిస్తోందనీ, దెబ్బ తగిలితేనే అలా అవుతుందనీ అన్నాడు. ఆ మాట ఈయనకు చెప్పాను. ఈయన రోడ్డువైపు చూశారు. తర్వాత మెల్లిగా, "ఒకసారి లాకుల దగ్గర మెట్ల మీద జారేను. అదంతా అతనికి చెప్పక్కర్లేదు" అన్నారు.

"ఎప్పుడు జారేరు?"

"అది అతను అడిగేడా, నువ్వు అడుగుతున్నావా?"

"నేనే అడుగుతున్నాను."

ఫోనులో అతను హలో, హలో అంటున్నాడు. లైనులోనే ఉన్నానని చెప్పాను. రాడ్డు పట్టుకునే తీరు ఒకసారి వీడియోలో చూపించమన్నాడు. పట్టులో తేడా ఉన్నా కొన్నిసార్లు దారం చివరి కొక్కెం రాడ్డు కొసకు తగులుతుందట. అందులో ఈయనకు అభ్యంతరం కనిపించలేదు. పట్టు గురించి ఎవరూ వంకపెట్టలేరని ఆయన ధైర్యం. మిగిలిన మూడు ముక్కలూ బిగించి, లేచి నిలబడి, బొటనవేలు పైన ఆనించి పట్టుకున్నారు. నేను ఫోను ఎత్తి పట్టుకున్నాను.

చేతి దగ్గర వణుకు చిన్నదే. కానీ రాడ్డు పొడుగునా పాకి, చివరకు వెళ్లేసరికి అది పెద్దదైపోయింది. రాడ్డు కొస గాలిలో ఆగకుండా కొట్టుకుంటోంది. ఇంట్లో ఇన్ని నెలలు తువ్వాలు చాటున ఉన్నది నడివాకిట్లో అంత పొడుగున కనిపించింది.

అతను గొంతు తగ్గించి, ఈసారి నెమ్మదిగా అడిగాడు.

"ఏమంటున్నాడు?" అన్నారు ఈయన, రాడ్డు దించకుండానే.

ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. పట్టు బాగుందన్నాడని చెప్తే సంతోషిస్తారు. నోటిదాకా వచ్చింది ఆ మాట.

"చెయ్యి ఎప్పట్నుంచి అలా వణుకుతోంది అంకుల్‌గారికి అని అడుగుతున్నాడండీ" అన్నాను.

ఆయన రాడ్డును చాప మీద పెట్టి లోపలికి వెళ్లిపోయారు. విసురుగా పెట్టలేదు. రోజూ పెట్టినంత జాగ్రత్తగానే పెట్టారు. ఆ కుర్రాడు తాను అడగకుండా ఉండాల్సిందని చాలా బాధపడ్డాడు. "నీ తప్పేం లేదు బాబూ" అని ఫోను పెట్టేశాను.

తర్వాత ఆయన నాతో మాట్లాడటం మానేశారు. అన్నం పెడితే తినేవారు. ఏదైనా అడిగితే "ఆయ్" అనేవారు, బయటివాళ్లతో అన్నట్టు. గెడ్డం గీసుకుంటూ దవడ కోసుకున్నారు. దూది తీసుకెళ్తే చేతిలోంచి లాక్కుని తనే అద్దుకున్నారు. పరాయి మనిషి ముందు ఆయన పరువు తీశానని కోపమేమో అనుకున్నాను. అంతకంటే, ఆ మాట నా నోటి నుంచి రావడమే ఆయనకు కష్టమైందేమో. మా పెళ్లయినప్పటినుంచీ ఇంత మౌనం మా మధ్య ఎప్పుడూ లేదు. మస్కట్‌లో ఉన్నప్పుడు కూడా లేదు.

ఒక మధ్యాహ్నం నేను కొబ్బరి తురుముతుంటే వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"ఆ రోజు నేను జారలేదు" అన్నారు.

నేను తురమడం ఆపాను.

"మెట్టు కనబడతానే ఉంది. కాలు వెయ్యాలనుకుంటున్నాను. కాలు ముందుకి రాలేదు. నేలకి అతుక్కుపోయినట్టయింది. నడుం పైన ఒళ్లు మాత్రం ముందుకొచ్చేసింది. రాడ్డు మీదే పడ్డాను. ఇంకో మెట్టు దాటితే నీళ్లే."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్తే వేటకి వెళ్లనిస్తావా?" అని, "రాడ్డు చేతిలో పట్టుకుంటే ఇంకా బాగా తెలిసిపోతోంది. నేను చూస్తానే ఉన్నాను. విరిగినప్పుడు, పోనీలే, తప్పు దానిదే అనుకుందామనుకున్నాను" అన్నారు.

ఏడవకూడదనుకున్నాను. కోరాము పక్కకు జరిపి, కొబ్బరి అంటిన చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకున్నాను. అది నా చేతిలో కూడా ఆగలేదు.

"ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యి. నేను రాడ్డు మీద పడ్డానని చెప్పెయ్" అన్నారు.

"చెప్తే వారంటీ ఇవ్వరేమో."

"ఇవ్వకపోతే పోనీ. ముందు డాక్టరు సంగతి చూడు."

అమలాపురంలో చూసినాయన కాకినాడ వెళ్లమని రాసిచ్చారు. అక్కడి పెద్ద డాక్టరు ఈయన చేత వేళ్లు ఒకదానికొకటి తాటించి, పేరు రాయించి, వరండాలో ఆ చివరి దాకా నడిపించి చూశారు. పేరు రాసిన అక్షరాలు పోనుపోను చీమలంత చిన్నవైపోయాయి. పార్కిన్సన్ అన్నారు. పోయేది కాదు, మందులతో అదుపులో పెట్టొచ్చు అన్నారు. ఈయన ఒకే ఒక ప్రశ్న అడిగారు.

"నీళ్ల దగ్గరికి వెళ్లొచ్చాండీ?"

"ఒంటరిగా వద్దండీ" అన్నారు డాక్టరుగారు.

తిరుగు ప్రయాణంలో ఎదుర్లంక వంతెన మీద గౌతమి నిండుగా కనిపిస్తుంటే, ఆయన అద్దె కారు అద్దం దించుకుని అవతలి ఒడ్డు వచ్చేదాకా చూశారు.

ఆయన పడ్డ సంగతి నేను ఫోనులో చెప్పాక, కంపెనీ జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. ఇది తయారీ లోపం కాదన్నారు. అయితే నిజం చెప్పారు కాబట్టో, పాత కొనుగోలుదారు కాబట్టో, మర్యాద కింద ఒక అవకాశం ఇస్తామన్నారు. ఆ రకం ఇప్పుడు తయారుచెయ్యడం లేదు. వేరే రకం కొత్త రాడ్డు పంపుతారు. దానికి పాతదాని ముక్కలన్నీ వాళ్లకు పంపెయ్యాలి. మళ్లీ తిరిగి ఇవ్వరు.

"నాది నాకివ్వరా?" అన్నారు చిన్నపిల్లాడిలా.

పంపెయ్యమని నేను అన్నాను. ఆయన ఒకరోజు సరేనన్నారు, మర్నాడు వద్దన్నారు. పచ్చరాడ్డు బీరువాలోంచి తీయడం, తుడవడం, మళ్లీ లోపల పెట్టడం. విరిగిన ముక్కను ఇంకొకరి చేత అతికించుకుని వాడుకుంటానన్నారు. చివరకు ఒకరోజు, "దీన్ని చూస్తే ఆ మెట్టే గుర్తొస్తోంది" అని, ప్లాస్టిక్ పైపు ముక్క కొనుక్కొచ్చి, పాత పంచెగుడ్డ చుట్టి, తనే లోపల పెట్టారు. మూత చుట్టూ టేపు అంటించడానికి వేళ్లు సహకరించలేదు. నేను అంటించబోతే వద్దన్నారు. చాలాసేపు పట్టినా తనే అంటించారు. వంకరటింకరగా వచ్చింది. అలాగే అమలాపురం తీసుకెళ్లి కొరియర్లో ఇచ్చాం.

కొత్త రాడ్డు వచ్చేసరికి వేసవి. కాలవలు కట్టేశారు. మా లాకుల దగ్గర బురద తప్ప నీళ్లు లేవు. నల్లటి రాడ్డు అది, కాస్త బిరుసు. దాంతో వచ్చిన వారంటీ కార్డును ఆయన నా చేత చదివించుకోలేదు. కవరుతో సహా సొరుగులో పడేశారు. రోజూ వాకిట్లో ఉత్తి దారంతో సాధన చేసేవారు. మాత్ర వేసుకున్న కాసేపటికి చెయ్యి నిమ్మళిస్తుంది. అప్పుడు దారం చక్కగా సాగేది. మందు దిగిపోయే వేళకు దారం ఆయన మెడకే చుట్టుకునేది. అప్పుడు నేను లోపలే ఉండేదాన్ని. నేను చూస్తున్నట్టు తెలిస్తే ఆయన ఆపేస్తారు.

కాలవలకు నీళ్లు వదిలాక ఆటోలో లాకులకు వెళ్లడం మొదలుపెట్టాం. బండి నడపడం ఆయనే మానేశారు. నేను ఒక మడత కుర్చీ పట్టుకెళ్లి కూర్చుంటాను. మెట్ల దగ్గరికి మాత్రం వద్దని ఒట్టు వేయించుకున్నాను. దారం కొసకు ఈకల పురుగును ముడివేసే పని నాదైంది. మొదట్లో ఆ ముడి నాకు పడేది కాదు. "అలా కాదే, నోటితో తడిపి లాగు" అని విసుక్కుంటూ నేర్పారు.

నిన్న కూడా వెళ్లాం. ఓ చేప తగిలి తప్పించుకుపోయింది. ఆయన హుషారుగా గట్టు అంచుకు నడిచారు. రెండడుగులు బాగానే వేసి, మూడోదానికి టక్కున ఆగిపోయారు. కాలు కదలడం లేదు. నడుం పైన ఒళ్లు ముందుకు వంగుతోంది. నేను కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలియదు, వెనకనుంచి ఆయన చొక్కా పట్టుకున్నాను. నాకు ఈత రాదు.

కాసేపటికి కాలు తనంతట తనే కదిలింది. ఆయన ఊపిరి పీల్చుకుని, వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"దూరంగా ఉండవే. విసిరేటప్పుడు గేలం తగులుద్ది."

"తగిలితే తగలనివ్వండి" అన్నాను. చొక్కా వదల్లేదు.