దస్తగిరి తాత చెప్పకుండా వదిలేసిన అభిప్రాయాలు

చిత్తూరులో పుస్తకాలకు బైండింగ్ చేసే దస్తగిరి సాయిబు గారు ఇక లేరు. పోయిన బుధవారం మధ్యాహ్నం మా నాయన ఫోన్ చేసి, "సాయిబు పోయినాడు మ్మా" అన్నారు. నేను తిరుపతిలో మా ఇంట్లో నా కూతురు సాన్వికి అన్నం పెడుతున్నాను. "ఏ సాయిబు నాయనా?" అని అడిగాను. తెలియక అడగలేదు. ఇంకెవరైనా అయి ఉంటే బాగుండునని అడిగాను. "నమాజుకని అంగట్లోంచి లేచినాడంట, అట్నే కూలబడినాడంట. విప్పిన పుస్తకం విప్పినట్టే ఉండాదంట ముందర" అన్నారు నాయన. ఆ మాటతో ఫోన్ పెట్టేశారు.

ఆ సాయంత్రమే ఖబరస్తానుకు తీసుకెళ్ళారు. వెంట నడిచిన వాళ్ళలో వకీళ్ళున్నారు, బడిపంతుళ్ళున్నారు, మామిడి రైతులున్నారు. అందరి నోటా ఒకటే మాటట: "కడాకు ఎందుకో సాయిబు అభిప్రాయం చెప్పేది మానేసినాడే." ఎందుకో వాళ్ళెవరికీ తెలియదు. నాకు తెలుసు. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని నాయన అడిగినప్పుడు, ఆ సంగతి దాచిపెట్టి రాయడం నా వల్ల కాదనిపించింది. బిడ్డ పడుకున్నాక దొరికే కాస్త సమయంలో, మళ్ళీ మళ్ళీ కొట్టేస్తూ, ఇది రాస్తున్నాను.

ఆయనను ఎరగని వాళ్ళకు ముందు ఆయన పని తీరు చెప్పాలి. బజారువీధి వెనక సందులో చిన్న అంగడి, దాని వెనకే ఇల్లు. మైదాపిండిలో మైలుతుత్తం వేసి ఉడికించిన జిగురు వాసన సందు మొదట్లోనే తగిలేది. పాత పుస్తకం ఏది తెచ్చినా ఆయన అట్ట ఊడదీసి, కుట్టు విప్పి, ఫారాలు విడివిడిగా చేసేవారు. ఆ తర్వాత వెంటనే కుట్టరు. చదువుతారు. పదహారు పేజీల ఫారం ఒకటి మడిచి చొక్కా జేబులో పెట్టుకుని టీ అంగడికి, మసీదుకు, ఆసుపత్రికి, ఎక్కడికి వెళ్తే అక్కడికి తీసుకెళ్ళేవారు. ఆఖరి ఫారం అయితేనే దబ్బనం చేతికి తీసుకునేది. "చదవకుండా కుడితే లోపలేముండాదో తెలీకుండా గోనె మూతి కుట్టినట్టే కదప్పా" అనేవారు. అందుకే వారంలో కావలసిన బైండింగు ఆయన దగ్గర నెల పట్టేది. అయినా జనం అక్కడికే పోయేవారు. పుస్తకంతోపాటు అభిప్రాయం వస్తుంది గనక.

మా నాయన కోర్టు రికార్డు రూములో గుమాస్తా, నవలల పిచ్చి మనిషి. ఆయన చెయ్యి పట్టుకుని నేను ఆ అంగడికి ఆరేళ్ళప్పుడు మొదటిసారి వెళ్ళాను. ఆ రోజు నాయన ఒక డిటెక్టివ్ నవల ఇచ్చారు. చివరి ఫారం ఎక్కడో ఊడిపోయింది. నెల తర్వాత వెళితే దస్తగిరి తాత పుస్తకం చేతిలో పెట్టి, "హంతకుడెవురో నాకు తెలిసిపోయింది సార్. రాసినాయనకే తెల్దు. అందుకే కడా పేజీలు ఆయనే చించేసుంటాడు" అన్నారు. నాయన రోడ్డు మీద నిలబడి నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఒక వకీలు గారి భార్య వంటల పుస్తకం పంపారు. తాత దాన్ని కూడా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. ఇంట్లో భార్య జుబేదా అవ్వ చేత రెండు కూరలు చేయించుకుని తిన్నారు. తర్వాత, "ప్రతి దాంట్లో ఉప్పు తగినంత అంటాడమ్మా ఈయప్ప. తగినంతెంతో తెలిసినామెకి ఈయన చెప్పాల్నా?" అని అడిగారు. లోపలి నుంచి అవ్వ, "ఆ రెండు కూరలూ గిన్నె నాకి నాకి తిన్నాడు, అది కూడా చెప్పమను" అని అరిచింది.

జీవితంలో గెలవడం ఎలా అని చెప్పే పుస్తకాల కాలం వచ్చినప్పుడు కాలేజీ పిల్లలు అవే మోసుకొచ్చేవారు. నేను కూడా ఒకటి తెచ్చాను. "ఈయన మూడొందల పేజీల్లో ఒక్కసారి కూడా ఓడిపోలే మే. ఇట్లాంటోడితో రెండు టీలు తాగలేం, బతుకంతా యాడ తిరిగేది?" అన్నారు. మామిడి సాగు గురించి పాకాల రైతు ఒకాయన తెచ్చిన పుస్తకానికి, "చెట్టుండాది, కాయుండాది. ఎండ మాత్రం యాడా లేదు" అన్నారు. ఆ రైతు అప్పటికప్పుడు నేల మీద కూర్చుని పేజీలు తిప్పి చూసి, అవునన్నట్టు తలూపాడు.

అన్నింటికీ చమత్కారమే అనుకోవద్దు. కరువు మీద వచ్చిన ఒక నవల కుట్టి ఇస్తూ ఏమీ అనలేదు. నేను పట్టుబట్టి అడిగాను. "దీనికిప్పుడు చెప్పను పాపా. రెండేళ్ళు పోనీ" అన్నారు. ఏళ్ళ తరబడి పద్యకావ్యాలకు బైండింగు చేయించుకున్న ఒక తెలుగు మాస్టారుతో, "పద్యం నాకు అర్థమైంది సామీ, కిందుండే టీక నాకెక్కలే" అని నిర్భయంగా చెప్పారు. ఏ పుస్తకాన్ని చదవాలో బడిలో, కాలేజీలో చాలామంది చెప్పారు. చదివినదాన్ని గురించి నాకేమనిపించిందో నోరు విప్పి చెప్పవచ్చునని నేర్పింది ఆయన ఒక్కరే. ఒకసారి చెప్పిన అభిప్రాయాన్ని ఆయన మార్చుకోగా నేను చూసింది ఒక్కసారే.

సాన్వికి ఏడాదిన్నర దాటినా అమ్మా అనలేదు. నా దగ్గర పిల్లల పెంపకం మీద ఒక లావుపాటి పుస్తకం ఉంది. ఏ నెలకు ఏం చెయ్యాలో, చెయ్యకపోతే ఏం అనుమానించాలో అందులో ఉంటుంది. చదివీ చదివీ పేజీలు ఊడిపోయాయి. దాన్ని తీసుకుని, బిడ్డను చంకనేసుకుని, చిత్తూరు బస్సెక్కాను. తాత కుట్టు విప్పి, ఒక ఫారం పైకి తీసి చూశారు. "పద్దెనిమిది నెలల కాడే ఇంత నలిగిందే" అన్నారు. నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు.

పదిహేను రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాను. "ఇది బిడ్డల పుస్తకం కాదు మే, రైల్వే టైంటేబిలు" అన్నారు తాత. "పాకాల టేషన్లో కూసోనుండావనుకో. బండి రెండు గంటలు లేటు. వచ్చేది మానేస్తాదా? నీ కూతురూ అంతే." నేను నవ్వాను. ఎన్ని నెలల తర్వాతో నవ్వాను. ఆయన సాన్విని ఒళ్ళో ఎదురుగా కూర్చోబెట్టుకుని, విప్పి ఉన్న పిల్లల కథల పుస్తకం ఒకటి అందుకుని, చేతులు తిప్పుతూ, కనుబొమలెగరేస్తూ చదవసాగారు. అది అరగంట సేపు కదల్లేదు. ఆయన ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. "సూడు, సూడు! ఎంత బాగా వింటాండాదో. పెద్దోళ్ళు గూడా ఇట్ల వినరు. మాటలొస్తాయి, నాదీ పూచీ" అన్నారు. జుబేదా అవ్వ దిష్టి తీసింది. డాక్టరు దగ్గర తీసుకున్న అపాయింట్‌మెంటును నేను బస్సులోనే రద్దు చేసుకున్నాను. ఇంకా కుట్టని నా పుస్తకాన్ని మళ్ళీ అడగనూ లేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక రోజు ప్లేస్కూల్లో సాన్వి వెనక స్టీలు పళ్ళేల దొంతర మొత్తం కింద పడింది. పిల్లలందరూ కెవ్వుమన్నారు. నా కూతురు బొమ్మకు రంగులు వేసుకుంటూ ఉండిపోయింది. పరీక్షలు చేశారు. రెండు చెవులూ సరిగా వినపడవని చెప్పారు. మిషన్లు పెట్టాలి, మాటలు నేర్పించాలి, సంవత్సరాల పని అన్నారు. "ఇంకొంచెం ముందు తీసుకొచ్చుంటే బాగుండేదమ్మా" అన్నారు డాక్టరు. మెల్లగా, మర్యాదగానే అన్నారు.

మరుసటి రోజే చిత్తూరు వెళ్ళాను. తాత ఏదో పుస్తకానికి దారం ఎక్కిస్తున్నారు. "తాతా, బిడ్డకు వినపడదంట" అన్నాను. ఆయన దారం వదిలేశారు. "మరి నేను చదివింది?" అని అడిగారు. "వినలేదు. నీ నోరు చూసింది. నీ చేతులు చూసింది" అన్నాను. అక్కడితో ఆగి ఉండవలసింది. ఆగలేదు. "పుస్తకాల గురించి ఏమన్నా చెప్పుకో తాతా. నా బిడ్డ గురించి ఎందుకు చెప్పినావు? నీ మాట విని ఎనిమిది నెలలు పోగొట్టుకున్నా. ఇంకెవురికీ ఇట్ల అభిప్రాయాలు చెప్పొద్దు" అన్నాను. అంగట్లో ఇంకో ఇద్దరున్నారు. ఆయన వాళ్ళ వైపు చూడలేదు. తల వంచుకుని, నేల మీద పడిన దారం కోసం వెతుకుతూ ఉండిపోయారు.

మూడు వారాలకు ఆయనే తిరుపతి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, ఎండలో బస్టాండు నుంచి నడిచి వచ్చారు. లోపలికి రమ్మంటే గడప దాటి కుర్చీ అంచు మీద కూర్చున్నారు. నా పుస్తకం కొత్త అట్టతో చేతికిచ్చారు. "భూతద్దం పెట్టి రెండోసారి చదివినా మ్మా. మంచి పుస్తకం. టైంటేబిలు అన్నానే, తప్పు. పద్దెనిమిది నెలల కాడ అడుగున సన్నచ్చరాల్లో నాలుగు లైన్లుండాయి. బిడ్డను ఎనక నుంచి పిలిచి సూడమని రాసినాడు. నాకు ఆ సన్నచ్చరాలు ఆనవు. ఆననివి వదిలేసి, అంతా చదివినట్టు నీకు చెప్పినా. నేనేమో ఎదురుగా కూసోని చదివితిని" అన్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూస్తూ అన్నారు. "చెవుల మిషను పెట్టినాక ఒకసారి తీసుకురా. అప్పుడు మళ్ళా చదువుతా. వినేంత గట్టిగా చదువుతా."

నేను సరేనన్నాను. మజ్జిగ ఇచ్చాను.

ఆ రోజు నుంచి ఆయన ఎవరికీ అభిప్రాయం చెప్పలేదు. ఇది నాకు నాయన ద్వారా తెలుస్తూనే ఉంది. పుస్తకాలు విప్పేవారట, చదివేవారట, కుట్టేవారట. "ఎట్లుండాది సాయిబూ?" అని అడిగితే, "కుట్టు గట్టిగా ఉండాదప్పా" అని చేతికిచ్చేవారట. నాయన ఆటపట్టించి చూశారు, కోప్పడి చూశారు, మంచి చెత్త నవల ఒకటి ఏరి మరీ ఇచ్చి చూశారు. అదే జవాబు. ఏడు నెలలు అలా గడిచాయి. సాన్వికి మిషన్లు పెట్టి నాలుగు నెలలైంది. రోజూ మాటల క్లాసులు, ఇంటిపని, జ్వరాలు అని నాకు నేను కారణాలు చెప్పుకున్నాను. నిజానికి ఒక్క ఆదివారం చాలు. ఆయన ముందు కూర్చోవడానికి నాకు ధైర్యం చాలలేదు, అంతే.

ఆయన పోయిన మూడో రోజు చేసే ప్రార్థనకు, జియారత్‌కు సాన్విని తీసుకుని వెళ్ళాను. జుబేదా అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సాన్వి ఆమెకు వీపు పెట్టి, అల్మారాలోని పుస్తకాల అట్టలు తడుముతోంది. అవ్వకు దగ్గు తెర వచ్చింది. సాన్వి చటుక్కున వెనక్కి తిరిగి చూసింది. అవ్వ దగ్గు ఆపుకుని, "ఇనిందే! అమ్మా, ఇనిందే ఇది!" అంది. దాన్ని దగ్గరకు లాక్కుని, దాని చెవుల మీద చేతులు పెట్టి, చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత నింద లేని గొంతుతో, "ఒక్కసారి తెచ్చి సూపించుంటే ఆయన మళ్ళా నోరు తెరిచేవాడు కదమ్మా. ఇంట్లో గూడా మాట్లాడకుండానే చదివినాడు" అంది.

ఆ ఏడు నెలల్లో ఆయన కుట్టిన పుస్తకాలు చిత్తూరు ఇళ్ళలో ఎక్కడెక్కడో ఉన్నాయి. అవి ఎలా ఉన్నాయో ఆయనకు తెలుసు. ఇక మనకెవరికీ తెలియదు. అలాంటి చదువరి ఈ జిల్లాలో మళ్ళీ పుట్టుకొస్తారన్న ఆశ నాకు లేదు. అభిప్రాయం అడిగి ఊరికే తిరిగొచ్చిన వాళ్ళు ఆయనను తప్పుగా అనుకోవద్దు. ఆయన చేత ఆ మాటలు మాన్పించింది నేను.

ఇంకొకటి కూడా చెప్పాలి. తిరుపతిలో బైండింగు చేసేవాళ్ళు లేక నేను చిత్తూరు దాకా పోలేదు. ఏం భయం లేదని ఆయన నోటితో వినాలని పోయాను. ఆ పేజీ నలిగింది నా వేళ్ళ కింద. అడుగున ఉన్న ఆ సన్నని అక్షరాలు నేను చదివాను, ఎన్నోసార్లు చదివాను. చదివి కూడా సాన్విని ఎప్పుడు పిలిచినా ముందుకు వెళ్ళి, దాని కళ్ళలో పడి పిలిచేదాన్ని. వెనక నుంచి ఒక్కసారి కూడా పిలిచి చూడలేదు.

దస్తగిరి సాయిబు గారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. తన కంటికి ఆనని నాలుగు పంక్తుల కోసం ఆ పెద్దమనిషి ఎండలో నడిచి వచ్చి నా ఇంట్లో తల వంచుకున్నారు. వాటిని ముందే చదివిన నేను, ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన మజ్జిగ తాగి లేచి వెళ్ళేదాకా ఆ సంగతి చెప్పలేదు.