అమ్మ సజ్దా

నా చిన్నప్పుడు మా అమ్మకున్నంత దైవభక్తి మా వాడలో ఎవరికీ లేదని పేరు. నమాజులో నుదురు నేలకు ఆనించి సజ్దా చేస్తే ఎంతసేపటికీ తల ఎత్తేది కాదు. మా నాన్నమ్మ, మేం దాదీ అనేవాళ్లం, అది చూసి మురిసిపోయేది. వంట ఆలస్యమైతే ఆ మురిపెం ఉండేది కాదనుకోండి.

అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. కడుపునిండా తిన్న రోజు అమ్మకు ప్రాణం పోయేంత నొప్పి వచ్చేది. అలా వంగి ఉంటే కాసేపటికి సడలేది. నమాజు వేళ కాకపోయినా, పొయ్యి పక్కన వట్టి నేల మీదే వంగేది. మడికొండ నుంచి బస్సులో హనుమకొండ దవాఖానకు చేరేసరికి నొప్పి మాయమయ్యేది, ఎక్స్‌రేలో ఏమీ కనిపించేది కాదు. అది పని తప్పించుకునే నొప్పని దాదీ తేల్చేసింది. దాంతో అమ్మ ఇక ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. ఏడాదిపాటు ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. అంతకన్నా ఏం చేయాలో నాకు తెలియలేదు.

చివరికి దాచలేనంత నొప్పి వచ్చి మూడోసారి వెళ్లినప్పుడు ఒక ముసలి డాక్టరు పెద్దవాళ్లందరినీ అడిగి, చివరికి నావైపు తిరిగాడు.

"బిడ్డా, అమ్మకు నొప్పి ఎట్ల తగ్గుతది?"

ఒట్టు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. నోటితో చెప్పలేదు. మోకాళ్ల మీద వంగి చూపించాను.

ఆయన కుర్చీకి తగిలించిన తన పాత కోటు జేబులో పెన్ను వేసి, పెన్ను తియ్యమని కోటును మా నాన్నకు, అంటే అబ్బాకు, ఇచ్చాడు. అబ్బా ఎంత వెతికినా దొరకలేదు. అది జేబు చిరుగులోంచి కోటు గుడ్డకూ లోపలి అస్తరుకూ మధ్యకు జారిపోయింది.

"పెన్ను కోటు దాటి పోలే. పేగు గూడ గిట్లనే లోపల ఏదో సందుల ఇరుక్కుంటాంది, మళ్ల జారొస్తాంది. కోసి చూస్తేనే తెలుస్తది."

ఆ సాయంత్రం అక్కడే నొప్పి మళ్లీ మొదలైంది. ఈసారి వంగినా తగ్గలేదు. అమ్మను లోపలికి తీసుకెళ్లాక మేం గోడకానుకుని కూర్చున్నాం. చేయడానికి మాకు ఏ పనీ లేదు. దాదీ నా చెయ్యి వదల్లేదు.

"జానెడు పేగు నల్లబడ్డది, తీసేసినం. సందు కుట్టేసినం. ఫికర్ చెయ్యకుండ్రి, బతుకుతది. ఈ బిడ్డ చూపెట్టింది గాబట్టే దొరికింది," అన్నాడు డాక్టరు బయటికొచ్చి.

అందరూ నా తల నిమిరారు. నాకు మాత్రం ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. ఆయన నా మొహం చూసి గ్రహించే ఉంటాడు. ఎన్నాళ్ల నుంచి తెలుసని మాత్రం అడగలేదు. ఆ దయ నేనింకా మరిచిపోలేదు.

అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఆమె సజ్దాలోకి వంగినప్పుడల్లా, తల ఎత్తేదాకా నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా కాస్త ఎక్కువసేపు నుదురు నేలకానిస్తే, నా చేతిలో పని ఆగిపోతుంది. వాళ్లు లేచాక, భక్తేనా, ఇంకేమైనా ఉందా అని అడిగి తీరతాను.