మామ దిగిన లారీ

మొన్న మా తమ్ముడి కొడుకు హెవీ లైసెన్సు తెచ్చుకుని, మాచర్లలోనే లోకల్ లారీకి కుదురుతున్నానని చెప్పడానికి మా ఇంటికి వచ్చాడు. కొత్త డ్రైవర్లకు ఎక్కడ ఎంత ఇస్తున్నారో అప్పటికే ఫోనులో చూసుకున్నవాడు, పెద్దవాణ్ణి కదా అని నన్నూ ఒక మాట అడిగాడు: "పెదనాన్నా, జీతం ఎంత అడగమంటావు?" ఏదో చెప్పి పంపాను గానీ, ఎనభైలలో నేను అడిగిన జీతం గుర్తుకొచ్చి ఆ పూట అన్నం సహించలేదు.

మా రోజుల్లో లారీ డ్రైవరంటే ఎంత విలువో మీకు నేను చెప్పనక్కరలేదు. నాకు స్టీరింగు పట్టడం నేర్పింది మా మేనమామ. నాపరాళ్ళ వ్యాపారం చేసే షావుకారు దగ్గర ఆయన పదిహేనేళ్ళుగా లారీ నడిపేవాడు. క్వారీలో రాయి ఎత్తించుకుని గురజాలలోనో నరసరావుపేటలోనో దించి, పొద్దుగూకేలోగా ఇంటికి చేరేవాడు. గతుకుల రోడ్డు మీద ఒక్క రాయి కూడా బీటవారకుండా బండిని ఎలా పోనివ్వాలో, పక్కన కూర్చోబెట్టుకుని ఓపికగా చూపించాడు.

లైసెన్సు వచ్చిన వారానికే నాకు రొంపిచెర్ల నుంచి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి జీతమెంతని అడిగితే, ఇంకా పనే కుదరని నేను, మా మామకు వచ్చే ఏడొందలనే నా జీతంగా చెప్పేశాను. ఇద్దరి లైసెన్సూ ఒకటేనని అప్పటి నా ధీమా. తీరా షావుకారు దగ్గరికి వెళితే, కొత్తవాడికి నాలుగొందలే అన్నాడు. మా మామకు ఇచ్చేదానికి పైసా తగ్గితే పని చెయ్యనన్నాను. ఆయన కోప్పడలేదు, కాసేపు ఆలోచించి, సోమవారం రమ్మన్నాడు.

ఆయనకున్న రెండు లారీలలో ఒకటి నాకిస్తాడనుకున్నాను. రెండోది అమ్మకానికి పెట్టిన సంగతి నాకు తెలియదు. సోమవారం గుమాస్తా నా చేతిలో పెట్టింది మా మామ నడిపే బండి తాళాలు. మామ ఆవరణలో ఒక మూల రాళ్ళు లెక్కపెడుతూ కనిపించాడు. ఇకనుంచి ఆయన పని అదే, జీతం మూడొందలు.

"ఏంది మామా ఇది? నీ బండి నేను అడగలా" అన్నాను.

"నేనే ఇయ్యమన్నాన్రా. కళ్ళు చానా పాడయినయ్యి, ఎదురొచ్చే బండి దగ్గరికొచ్చిందాకా ఆనటంలా. ఎవరికీ చెప్పుకోలేక నలుగుతున్నా. పో, క్వారీ కాడ నీకోసం కూర్చునుంటారు."

నేను నమ్మాను. నమ్మితే నాకు బాగుంటుంది కనుక నమ్మానని ఇప్పుడు అనిపిస్తుంది. పెళ్ళయింది, కాపురం మొదలైంది. మూడు నెలలు గడిచాక ఒక ఆదివారం మామా నేనూ రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. దూరాన మలుపు తిరుగుతున్న బస్సు బోర్డు నా పడుచు కళ్ళకే అలికినట్టు ఉంటే, ఆయన యథాలాపంగా, "వెల్దుర్తి బండిరా, మనది కాదు" అన్నాడు. అన్న మరుక్షణం తల పక్కకు తిప్పుకున్నాడు.

మర్నాడే షావుకారు దగ్గరికి వెళ్ళి, బండి మామకు ఇచ్చేసి నన్ను నాలుగొందలకు వేరే పనిలో పెట్టుకోమన్నాను.

"నిన్ను నాలుగొందలకే పెట్టుకుంటానని ముందే అడిగి చూశాను, మీ మామ ఒప్పుకోలా. పిల్ల తరపోళ్ళకు మావాడు ఏడొందలని చెప్పాడంట, ఆ మాట పోకూడదన్నాడు" అన్నాడాయన.

తాళాలు వెనక్కి ఇచ్చేసి ఉంటే ఈ జ్ఞాపకం మరోలా ఉండేది. ఇవ్వలేదు. ఆ నెల నుంచి మామ ఇంటికి బియ్యం, పప్పులు నేను పంపేవాణ్ణి. అత్తయ్య కాదనలేదు, మామ చూడనట్టే ఉండేవాడు. కళ్ళ మాట ఆయన బతికినన్నాళ్ళూ నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఇప్పుడు కుర్రవాళ్ళు నచ్చకపోతే ఒక్క ఫోనుతో బండి మారిపోతారు, గట్టిగా బేరమాడి పుచ్చుకుంటారు. మంచిదే, ఎవరి కష్టం వాళ్ళది. కాకపోతే సీటులోంచి దిగినవాడెవరో ఎక్కినవాడికి తెలియదు. ఒకరి ముఖం ఒకరు చూడలేక తలవంచుకునే బాధ తప్పింది. అలా ఒకరికోసం ఒకరు దిగే రోజులు కూడా దాంతోపాటే పోయాయేమో.