టీ బల్ల కింద దొరికిన దొంగ

ఒమన్‌లో స్టోర్‌కీపర్లుగా చాలామందే పనిచేశారు. దొంగను పట్టడానికి అమెరికా కథకుణ్ణి నమ్ముకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. 1976లో ఘాలాలోని ఒక నిర్మాణ కంపెనీ గోదాములో నా ఉద్యోగం. అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి కదా, ఊరికి వెళ్లిపోతున్న గోవా అకౌంటెంటు దగ్గర ఆ కథకుడి కథల సంపుటిని సగం ధరకు బేరమాడాను.

ముందుమాటలో ఆయన జీవితం ఉంది. పసితనంలోనే తల్లి పోతే ఒక వ్యాపారి పెంచాడు. వ్యాపారి ఇంట్లో పెరిగీ బేరం నేర్వలేదు. పత్రికలవాళ్లు ఇచ్చినంతే పుచ్చుకున్నాడు. భార్య క్షయతో పోయింది. తానెలా చనిపోయాడో ఇప్పటికీ తేలలేదు. అయినా భయం కథలకే కాదు, నేర పరిశోధన కథలకూ దారి వేసింది ఆయనేనని నూరేళ్ల తర్వాత కూడా చెప్పుకుంటున్నారట. ఆ చివరి మాటే నన్ను చెడగొట్టింది.

ఆ వారం స్టాకు లెక్కలో రాగి కేబుల్ డ్రమ్ము ఒకటి తగ్గింది. రెండు చెక్క చక్రాల నడుమ చుట్టి వచ్చే సరుకది. నేను గేట్ పాస్ రాయనిదే మేకు కూడా బయటికి పోదు. పోయిందంటే వాచ్‌మన్ కళ్లు మూసుకున్నాడన్నమాట. వాచ్‌మన్ కడప ఖాదర్, రోజూ నాతో టీ తాగేవాడు. గురువారంలోగా డ్రమ్ము దొరక్కపోతే అతన్ని ఇంటికి పంపేస్తానన్నాడు మేనేజరు.

శవాన్ని నేలకింద దాచినవాడు దాని గుండె చప్పుడు వినిపిస్తోందని తానే బయటపడే కథ ఒకటుంది పుస్తకంలో. టీ వేళ అది అందరికీ చెప్పి ఖాదర్ ముఖమే చూస్తూ కూర్చున్నాను. అతనికి చెమట పట్టింది. జూన్ నెల, నాకూ పట్టింది, కానీ నాది లెక్కలో వేసుకోలేదు. కేబులు విప్పి పాతిపెట్టాడని తేల్చేసి, అతని మంచం కింద ఇసుక తవ్వించాను.

"నీళ్లు పడేదాంక తవ్వాల్నా సారూ?" అన్నాడు తవ్వుతున్న కరీంనగర్ మల్లయ్య. పాత చెప్పు ఒకటి దొరికింది.

"అది గూడా స్టాకులో రాసుకో శెట్టి సాబ్," అన్నాడు ఖాదర్. "ఒక కత సదివి మంచం కింద తవ్విస్తివి. ఇంకోటి సదివితే నా కడుపు కోయిస్తావేమో!"

అంటూనే పక్కనున్న టీ బల్లను తన్నాడు. బల్లంటే గుడ్డ కప్పి, పడుకోబెట్టిన డ్రమ్మే. నిండు డ్రమ్ములను దొర్లేలా రెండు చక్రాల మీద నిలబెడతాం, ఖాళీవాటిని ఒక చక్రం నేలకు ఆనేలా పడుకోబెడతాం. అది గోదాముల పద్ధతి. ఖాళీదైతే తన్నుకు జరగాలి. ఇది కదల్లేదు. ఖాదరే కాలు పట్టుకుని కూలబడ్డాడు. గుడ్డ ఎత్తితే నిండా కేబులు. లారీ నుంచి దించిన కొత్తవాళ్లు తెలియక పడుకోబెట్టారు, వంటవాడు గుడ్డ పరిచాడు.

కళ్లెదుటే ఉన్న ఉత్తరం కోసం పోలీసులు ఇల్లంతా గాలించే కథ కూడా ఆ పుస్తకంలోనే ఉంది. చదివాను కూడా, ఆ బల్ల మీదే పెట్టుకుని.

ఆ తర్వాత, ఖాళీ అని రాసి ఉన్న డ్రమ్మునైనా కదిపి చూశాకే సంతకం పెట్టాను. మనుషులను అనుమానించడం దాని తర్వాతి పని. ఖాదర్ ఉద్యోగం నిలిచింది. అతను మాత్రం అడిగి మరీ దేశం ఆ చివరనున్న రైసూత్ సైట్‌కు మారిపోయాడు. ఇక బిల్లు. కంపెనీకి నష్టం లేదు. రచయిత తప్పూ లేదు. పుస్తకం సగం ధరకే వచ్చిందని చాలాకాలం చెప్పుకున్నాను. ఖాదర్‌ను కూడా కలిపి చూస్తే, అకౌంటెంటు అడిగినదానికన్నా చాలా ఎక్కువే ఇచ్చాను.